రొయ్యల గుంటలు, రాత్రి మెలకువలు, నా బీపీ

రొయ్యల సాగులో రాత్రి రెండు నుంచి ఐదు గంటల దాకా ఉండే భయం ఎట్లాంటిదో ఆ పని చేయనివాళ్లకు చెప్పడం కష్టం. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. పొద్దు గుంకాక ఆ పని ఆగిపోతుంది. ఇక రాత్రంతా రొయ్యలు, నాచు, అడుగున పేరుకున్న మడ్డి కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటూ పోతాయి. తెల్లవారుజాముకు అది బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ టైములో కరెంటు పోయి, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ కూడా మొరాయించిందంటే, మూడు నెలలు పెంచిన పంట గంటా రెండు గంటల్లో గట్టు వారకు వచ్చి చచ్చిపోతుంది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఏ రైతును అడిగినా ఇదే చెబుతాడు. అందుకని సీడు, అంటే రొయ్య పిల్లలను వదిలిన రోజు నుంచి పట్టుబడి చేసి రొయ్యలు అమ్మేదాకా మాకు నిండా నిద్ర ఉండదు. పడుకున్నా చెవి మాత్రం ఏరియేటర్ మోత మీదే ఉంటుంది.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గర ఊరు. మూడెకరాలు సొంతం, అయిదెకరాలు లీజు. మన దేశంలో వెనామీ రకం రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక నేను సాగులోకి దిగాను. అంతకు ముందు మా నాయన టైగర్ రొయ్య వేసేవాడు. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలకు గుంటలే ఖాళీ అయినప్పుడు ఆయన అప్పుల్లో పడ్డాడు. అరవై ఏళ్లు రాకముందే గుండెపోటుతో పోయాడు. రొయ్యలే ఆయన్ను తినేశాయని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయనకు బీపీ ఎంత ఉండేదో, షుగర్ ఉందో లేదో మాకెవరికీ తెలియదు. ఆయన జీవితంలో ఎవరూ చేతికి ఆ పట్టీ కట్టి చూడలేదు.

నాకు వచ్చిన కష్టం ఒక్కరోజులో వచ్చింది కాదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మా గట్లు తెగి పంట నీళ్లపాలైంది. ఆ అప్పు తీరకముందే మేత ధర పెరిగింది. మేతకే పెట్టుబడిలో సగానికి పైగా పోతుంది. తర్వాత వేసిన పంటల్లో ఈహెచ్‌పీ అనే తెగులు వచ్చి రొయ్య ఎదగలేదు, ఎంత మేత వేసినా కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రాలేదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల మాట వినబడగానే కొనేవాళ్లు ధర దించేశారు. ఆగస్టు చివరికి ఆ సుంకం 50 శాతానికి చేరింది. అప్పటికి మన రొయ్యను ఎక్కువగా కొనేది అమెరికానే. అక్కడ ఎవరో సంతకం పెడితే ఇక్కడ మా గట్టు మీద కిలోకు ఎంత తగ్గుతుందో ఆ సాయంత్రానికే వాట్సాప్‌లో వచ్చేస్తుంది.

ఆ ఏడాది ఎండాకాలం నుంచి ఒంట్లో తేడా బాగా తెలిసింది. గుండె దడ. మెడ వెనక నరాలు లాగేసినట్టు నొప్పి. కడుపులో మంట. పొద్దున లేవగానే దవడ నొప్పి పెట్టేది, నిద్రలో పళ్లు కొరుకుతున్నావని మా ఆవిడ చెప్పింది. పిల్లలు గట్టిగా నవ్వినా చిరాకు. అన్నిటికంటే వింత ఏమిటంటే, పట్టుబడి అయిపోయి గుంటలు ఎండబెట్టిన రోజుల్లో కూడా రాత్రి రెండింటికి ఠక్కున మెలకువ వచ్చేది. చూసుకోవడానికి గుంటలో ఏమీ లేదు. అయినా గుండె మాత్రం పరుగెత్తి వచ్చినట్టు కొట్టుకునేది.

ఒక తెల్లవారుజామున ఛాతీలో ఎడమవైపు పట్టేసి, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి, ఊపిరి అందలేదు. మా వైపు ఛాతీలో ఏం వచ్చినా ముందు గ్యాస్ అంటారు. సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు. పక్క గుంట పెద్దాయన కూడా "ఏం కాదబ్బయ్యా, గ్యాస్ పట్టుంటుంది" అన్నాడు. మా ఆవిడ వినలేదు. "గ్యాసో ఏందో డాక్టరు చెబుతాడు. పదయ్యా, నెల్లూరు పోదాం" అని కారు మాట్లాడింది. ఆమె చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు అది టెన్షన్ వల్లా, గ్యాస్ వల్లా, గుండె వల్లా అని ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరు. ఈసీజీ తీయాలి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూడాలి, అదీ కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడాల్సి రావచ్చు. నాకు అవన్నీ చేశారు. ఎకో అనే గుండె స్కాన్ తీశారు. తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. గుండెలో ఏమీ లేదన్నారు. కానీ బీపీ 160/100 ఉంది. మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చింది. 5.7 కు చేరితే షుగర్‌కు ముందు దశ, 6.5 కు చేరితే షుగర్ జబ్బే అని చెప్పారు.

అక్కడ నాకు చెప్పిన మాట, "గుండె రిపోర్టులన్నీ నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి." అంతే. ఆ మాటకు నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. నొప్పి నిజంగా వచ్చింది. చెమటలు నిజంగా పట్టాయి. నార్మల్ అంటే నేను నటించానా అనిపించింది. పైగా టెన్షన్ తగ్గించుకోవడం ఎట్లాగో, అదేమన్నా గుంటలో నీళ్లా తూము ఎత్తి వదలడానికి?

తర్వాత మా బావమరిది నెల్లూరు పొగతోటలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె రిపోర్టులు పక్కన పెట్టి, ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు, టీలు ఎన్ని, అప్పు ఎంత, ఇంట్లో ఎవరితో మాట్లాడతారు అని అడిగింది. అప్పు గురించి అడిగిన డాక్టర్ని నేను అంతకు ముందు చూడలేదు. ఆ రోజు ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది.

ప్రమాదం వచ్చిందని మెదడు అనుకున్న క్షణంలో రెండు పనులు జరుగుతాయట. మొదటిది వెంటనే. నరాల ద్వారా కబురు పోయి, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, అరుగుదల నెమ్మదిస్తుంది. రెండోది కాస్త ఆలస్యంగా మొదలై ఎక్కువసేపు ఉంటుంది. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది, అది అడ్రినల్‌కు చెబుతుంది, అక్కడి నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ వస్తుంది. కార్టిసాల్ వల్ల కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది, పరుగెత్తడానికి శక్తి కావాలి కాబట్టి. పాము ఎదురైతే ఇదంతా ప్రాణం నిలబెడుతుంది. పాము పోగానే అంతా సర్దుకుంటుంది. అప్పు, ధర, కరెంటు కోతల భయం అట్లా పోయేవి కావు. ఒళ్లు మాత్రం వాటికీ అదే పని చేస్తుంది, నెలల తరబడి చేస్తుంది.

నా వేళ్ల తిమ్మిరి సంగతి కూడా అప్పుడే తెలిసింది. భయంలో ఊపిరి పైపైన, గబగబా తీసుకుంటాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి అందనట్టు ఉంటుంది. ఊపిరి ఎక్కువై అందనట్టు అనిపించడం నాకు వింతగా ఉండింది. కానీ ఆ సంగతి తెలిశాక మళ్లీ అట్లా వచ్చినప్పుడు సగం భయం తగ్గింది.

రెండు గంటల మెలకువకూ జవాబు దొరికింది. మామూలుగా కార్టిసాల్ అర్ధరాత్రి దగ్గర బాగా తక్కువగా ఉండి, తెల్లవారుజాము నుంచి పెరుగుతూ వచ్చి, నిద్ర లేచిన అరగంటకు ఎక్కువ స్థాయికి చేరుతుంది. ఏళ్ల తరబడి నేను ఆ వేళకే టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగాను. గుంట ఎండబెట్టినా ఒళ్లు ఆ వేళను మరిచిపోలేదు.

డాక్టరమ్మ బీపీ మెషిన్ కొనుక్కోమంది. పొద్దున, రాత్రి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి చూసి పుస్తకంలో రాయమంది. నాకు ఇది కష్టమనిపించలేదు. గుంట పుస్తకంలో రోజూ నీళ్ల పీహెచ్, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), మేత, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే సంగతులు రాసుకునేవాళ్లమే కదా. బీపీ కూడా అదే పుస్తకంలో, పక్క గడిలో రాశాను. కొన్నాళ్లకు ఆ రెండు గడులు పక్కపక్కన చూస్తే కళ్లు తెరుచుకున్నాయి. సీడు వేసిన కొత్తలో బీపీ కాస్త తక్కువ. రొయ్య పెరిగి, మేత ఎక్కువై, నీళ్లు బరువెక్కే కొద్దీ నా అంకెలు కూడా పైకి పోయాయి. డీవో తక్కువ వచ్చిన పొద్దున నా బీపీ ఎక్కువ. మబ్బు పట్టి ఎండ లేని రోజుల తర్వాత మరీ ఎక్కువ.

అప్పుడు నాకు తట్టింది. రొయ్య విషయంలో మాకు ఇదంతా తెలుసు. తెల్లమచ్చ వైరస్ రొయ్య ఒంట్లో ఉండి కూడా చాలాసార్లు బయటపడదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు, వాన పడి ఉప్పదనం మారినప్పుడు, చలి ఎక్కువైనప్పుడు, పొర విడిచి మెత్తగా ఉన్నప్పుడు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అందుకే రొయ్య స్ట్రెస్‌లో ఉందని తెలిస్తే మేము దానికి ధైర్యం చెప్పం. మేత తగ్గిస్తాం, ఏరియేటర్లు పెంచుతాం, వల వేయడం మానేస్తాం, అడుగు మడ్డి తీయిస్తాం. దాని మీద ఉన్న బరువును తగ్గిస్తాం. మనిషికి మాత్రం "ధైర్యంగా ఉండు, టెన్షన్ పడకు" అని చెప్పి ఊరుకుంటున్నాం. మనిషి మీద బరువు దింపే పని ఎవరూ చేయడం లేదు.

తర్వాత దీని గురించి దొరికిందల్లా చదివాను. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకల మీద పనిచేసి 1936లో ఒక చిన్న వ్యాసం రాశాడు. చలి కావచ్చు, గాయం కావచ్చు, విషం కావచ్చు, ఎలుక ఒంట్లో మాత్రం ఒకే రకం మార్పులు వచ్చాయి: ముందు అప్రమత్తం కావడం, తర్వాత తట్టుకోవడం, చివరకు అలిసిపోవడం. 1991లో షెల్డన్ కోహెన్ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముక్కుల్లో జలుబు వైరస్ వేసి చూసింది. ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకే జలుబు ఎక్కువగా వచ్చింది. 1995లో అమెరికాలో ఇంకో పరిశోధన చేశారు. మతిమరుపు జబ్బున్న ఇంట్లోవాళ్లను చూసుకునే ఆడవాళ్ల చేతి మీద చిన్న గాయం చేసి చూస్తే, మిగతావాళ్లకంటే వాళ్ల గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. అది చదివి నా కాళ్లు చూసుకున్నాను. గుంటలో గవ్వ పెంకులు కోసిన గాయాలు ఈమధ్య త్వరగా మానడం లేదు. అందులో షుగర్ ముందు దశ వాటా ఎంత, నిద్రలేమి వాటా ఎంత అని విడదీయలేం. డాక్టరమ్మ కూడా రెండూ చూసుకోవాలనే చెప్పింది.

అన్నీ టెన్షన్ మీదకు తోసేయకూడదని కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా కడుపు మంట టెన్షన్ వల్లేనని అందరితో పాటు నేనూ అనుకుంటున్నాను. ఆమె ఎండోస్కోపీ చేయించింది. చిన్న పుండు ఉంది, హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉంది. కడుపు పుళ్లకు ఎక్కువగా కారణం ఈ బ్యాక్టీరియానే అని ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో నిరూపించారు, వాళ్లకు 2005లో నోబెల్ వచ్చింది. రెండు వారాల మందులతో మంట పోయింది. ఎన్ని ధ్యానాలు చేసినా అది పోయేది కాదు.

బీపీకి మాత్ర మొదలుపెట్టింది. ఆ తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి పొమ్మంది. ఈ మాట ఇంట్లో చెబితే మా అమ్మ ఏడ్చింది. పిల్లకు సంబంధాలు రావేమోనని భయపడింది. ఊళ్లో ఆ ఆసుపత్రి ముందు ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో అని నాకూ ఉంది. అయినా పోయాను. ఆయన తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చాడు, గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, నీరసం ఎట్లా ఉన్నాయని. చివరి ప్రశ్న, చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని. దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కొన్ని రోజులు అనిపించింది అనే గడిలో టిక్ పెట్టాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఆ కాగితానికే మొదట చెప్పాను. డాక్టరు కంగారు పడలేదు, మందలించలేదు. ఇంట్లో పురుగుమందులు, గుంటకు వాడే మందులు ఎక్కడ ఉంటాయని అడిగాడు. మా ఆవిడను లోపలికి పిలిచి, వాటికి తాళం వేసి తాళంచెవి ఆమె దగ్గర ఉంచుకోమన్నాడు. రాత్రిపూట అట్లాంటి ఆలోచన వస్తే టెలీ మానస్ 14416 కు ఫోన్ చేయమన్నాడు. 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన ఉచిత నంబరు అది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రాత్రి మూడింటికి గట్టు మీద ఒంటరిగా ఉండే రైతులకు ఆ నంబరు తెలిసి ఉండాలి. నేను మా జనరేటర్ షెడ్డు తలుపు మీద సున్నంతో రాయించాను.

ఆయన ఇచ్చిన మాత్ర పనిచేయడానికి వారాలు పడుతుందని ముందే చెప్పాడు, అట్లాగే పట్టింది. మధ్యలో మానేయొద్దని గట్టిగా చెప్పాడు. కౌన్సెలింగ్ చేసిన అమ్మాయి ఊపిరి నెమ్మదిగా, నిమిషానికి ఆరు సార్లు మాత్రం తీసుకోవడం నేర్పింది. లోపలికి తీసుకున్నదానికంటే బయటికి ఎక్కువసేపు వదలాలి. దడ వచ్చినప్పుడు అది నిజంగా పనికొచ్చింది.

అయితే నా మట్టుకు ఎక్కువ మేలు చేసినవి గుంటల దగ్గర మార్చుకున్నవి. పక్కపక్క గుంటల రైతులం నలుగురం కూర్చుని రాత్రి కాపలా వంతులు వేసుకున్నాం. మొదట్లో ఒకరి గుంటను ఇంకొకరికి అప్పజెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. పట్టుబట్టి ఒప్పించాను. ఇప్పుడు నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు ఇంట్లో పడుకుంటాను. కరెంటు పోగానే ఫోన్ మోగే పరికరం, జనరేటర్ దానంతట అదే స్టార్ట్ అయ్యే ఏర్పాటు పెట్టించాను. లీజు గుంటల్లో రెండెకరాలు వదిలేశాను. ఎకరాకు వేసే సీడు బాగా తగ్గించాను. పల్చగా వేస్తే మేత తక్కువ, నీళ్ల మీద బరువు తక్కువ, రాత్రి డీవో అంతగా పడదు, లాభం తక్కువైనా నష్టం వస్తే అది కూడా తక్కువే. ఊళ్లో చాలామంది భయపడి తగ్గించానన్నారు. అననీ.

అప్పుల కాగితం రాయడం అన్నిటికంటే కష్టమైంది. సైకియాట్రిస్టు చెప్పాడని, మా ఆవిడ, బావమరిది ముందు కూర్చుని బ్యాంకుకెంత, మేత డీలరుకెంత, చేబదులెంత, వడ్డీ ఎంత అన్నీ రాశాం. తలలో తిరిగినప్పుడు దానికి అంతు ఉండేది కాదు. కాగితం మీద దానికి ఒక అంకె వచ్చింది. పెద్ద అంకెనే. కానీ ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలనే వరుస దొరికింది. డీలరుతో మాట్లాడే పని బావమరిది తీసుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

సాయంత్రం నాలుగు తర్వాత టీ మానేశాను, కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికే అయిదు గంటల దాకా పడుతుందని చెప్పారు కాబట్టి. పొద్దున నడక ఉంది. గట్టు మీద తిరిగేది నడక కింద రాదని కాదు, అక్కడ కళ్లన్నీ నీళ్ల మీదే ఉంటాయి, అందుకని వేరే దారిన కాలవ కట్ట మీద పోతాను. ఇప్పుడు బీపీ మాత్రతో 130/84 దగ్గర ఉంటోంది. షుగర్ 5.9. రెండింటికి మెలకువ ఇంకా అప్పుడప్పుడు వస్తుంది. లేచి ఫోన్ చూడకుండా, ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకుంటే చాలాసార్లు మళ్లీ నిద్ర పడుతోంది.

ఇంట్లో బీపీ మెషిన్ ఉందని ఊళ్లోవాళ్లు వచ్చి చూపించుకుపోతున్నారు. నలభై దాటని కుర్రవాళ్లకు కూడా 150, 160 కనబడుతోంది. మా ఆవిడ మాత్రం అందరికీ పట్టీ కట్టేది, తను కట్టించుకునేది కాదు. ఆమె మెడలో గొలుసు, చేతుల గాజులు బ్యాంకులో ఉన్నాయి. పొదుపు గ్రూపులో నా కోసం తీసిన లోను కిస్తీ నెలనెలా ఆమే కడుతుంది. నేను ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కాలమంతా నాకు తోడు వచ్చింది, మందులకు తాళం వేసింది, నేను నిద్రపోతున్నానో లేదో చూస్తూ తను మెలకువగా ఉంది. తలనొప్పి అని తలకు గుడ్డ కట్టుకుంటే, ఎండ వల్ల అనేది. మొన్న బలవంతంగా కూర్చోబెట్టి చూశాను. 152/98. మళ్లీ సాయంత్రం చూస్తే దాదాపు అంతే. నాకేముంది, మీ నాయన తద్దినం అయినాక చూద్దాంలే అంది. నేను ఒప్పుకోలేదు. డాక్టరమ్మ దగ్గర వచ్చే సోమవారానికి ఆమె పేరు రాయించాను. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించమన్నారు. ఆ రోజు రాత్రి కాపలా వంతు నాది, దాన్ని పక్క గుంట పెద్దాయనతో మార్చుకున్నాను.